విశాఖ మీద బాంబులు పడ్డ రోజు బ్రిటిష్ నౌకాదళం ఎక్కడుంది? అడ్మిరల్ సోమర్‌విల్ కథ

1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానాలు విశాఖపట్నం రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజు బంగాళాఖాతంలో సరుకు ఓడలు ఒకదాని వెంట ఒకటి మునిగిపోయాయి. అప్పటికి నెల కిందటే రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. అక్కడి రేవులో, మిల్లుల్లో పనిచేసి బతికిన తెలుగు కుటుంబాలు ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగి వస్తున్నాయి. కొద్ది రోజుల్లో మద్రాసు నుంచి కూడా జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు బయల్దేరారు. ఆ రోజు విశాఖలో పడి పేలకుండా మిగిలిపోయిన ఒక బాంబు ఇప్పటికీ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది.

ఈ దాడి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: సముద్రాలన్నీ తమవే అని చెప్పుకున్న బ్రిటిష్ నౌకాదళం ఆ రోజు ఏమైంది?

అది దూరంగా ఏమీ లేదు. ఐదు పెద్ద యుద్ధనౌకలు, విమానవాహక నౌకలతో హిందూ మహాసముద్రంలోనే, సిలోన్‌కు (ఇప్పటి శ్రీలంకకు) దక్షిణంగా ఉంది. దాన్ని నడిపిస్తున్నవాడు సర్ జేమ్స్ సోమర్‌విల్. జపాన్ నౌకలకు పగటిపూట ఎదురుపడకూడదని ఆయన తెలిసి తీసుకున్న నిర్ణయం వల్లే ఆ నౌకాదళం మన తీరం వైపు రాలేదు. దీన్ని పారిపోవడం అనేస్తే సులువుగా తేలిపోతుంది. నేను అలా అనను. కానీ ఆయన తప్పేమీ లేదని కూడా అనలేను. ఆ నిర్ణయం అర్థం కావాలంటే అంతకుముందు రెండేళ్ళలో ఆయన ఏమేం చూశాడో తెలియాలి.

రిటైరైన మనిషికి యుద్ధం

సోమర్‌విల్ 1882లో ఇంగ్లండ్‌లోని సర్రేలో పుట్టాడు. 1897లో, పదిహేనేళ్ళు కూడా నిండకుండానే, బ్రిటానియా శిక్షణ నౌకలో కేడెట్‌గా చేరాడు. ఆ బ్యాచ్‌లోనే ఆండ్రూ కన్నింగ్‌హామ్ అనే ఇంకో కుర్రాడు కూడా ఉన్నాడు. తర్వాతి కాలంలో మధ్యధరా సముద్రంలో ఇటలీ నౌకాదళాన్ని ముప్పుతిప్పలు పెట్టిన అడ్మిరల్ ఈ కన్నింగ్‌హామే. ఇద్దరూ చివరిదాకా స్నేహితులు.

ఆ రోజుల్లో పైకి రావాలనుకున్న నౌకాదళ అధికారి ఎక్కువగా ఫిరంగుల శాఖ పట్టేవాడు. సోమర్‌విల్ వైర్‌లెస్ పట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని డార్డనెల్స్ జలసంధి దగ్గర చేసిన పనికి డీఎస్‌ఓ పతకం వచ్చింది. కొత్త యంత్రం ఏది వచ్చినా ముందు తనే దగ్గరకెళ్ళి చూసే అలవాటు ఆయనకు చివరిదాకా పోలేదు. అరవై ఏళ్ళకు దగ్గర పడుతున్న వయసులో కూడా విమానవాహక నౌక మీంచి లేచే స్వోర్డ్‌ఫిష్ విమానాల్లో వెనక సీట్లో కూర్చుని ఎగిరేవాడు. తన పైలట్లు ఏం చేయగలరో, ఏం చేయలేరో ఆయనకు కాగితం మీద చదివి తెలిసింది కాదు.

1938లో ఈస్ట్ ఇండీస్ స్టేషన్‌కు కమాండర్ ఇన్ చీఫ్‌గా వచ్చాడు. అంటే మన చుట్టూ ఉన్న సముద్రాలు ఆయనకు కొత్త కావు. మరుసటి ఏడాది క్షయ వచ్చిందని డాక్టర్లు తేల్చి ఇంటికి పంపేశారు. ఆయన ఒప్పుకోలేదు, వాదించాడు, అయినా రిటైర్డ్ జాబితాలో పేరు చేరిపోయింది. అంతలో యుద్ధం మొదలైంది. నౌకలకు రాడార్ అమర్చే పనిలో తలదూర్చాడు. 1940 మేలో ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ రేవు నుంచి బ్రిటిష్ సైన్యాన్ని వెనక్కి తెచ్చే పని అడ్మిరల్ రామ్‌సే డోవర్‌లో కూర్చుని నడిపిస్తుంటే, తనంతట తాను వెళ్ళి ఆయనకు సాయపడ్డాడు. నెల తిరిగేసరికి జిబ్రాల్టర్‌లో కొత్తగా ఏర్పడిన ఫోర్స్ హెచ్ అనే నౌకాదళం ఆయన చేతికి వచ్చింది. విచిత్రమేమిటంటే యుద్ధంలో ఆయన నడిపిన పెద్ద పోరాటాల్లో చాలావరకు రిటైర్డ్ అధికారిగా ఉండగానే నడిపాడు.

మెర్స్ ఎల్ కెబీర్

ఫోర్స్ హెచ్‌కు వచ్చిన మొదటి ఆజ్ఞే ఆయన జీవితంలో అన్నిటికంటే చేదు ఆజ్ఞ.

1940 జూన్‌లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది. ఫ్రెంచి యుద్ధనౌకలు జర్మనీ చేతిలో పడితే బ్రిటన్ గతి ఏమిటని లండన్‌లో ఒకటే టెన్షన్. ఓడల్ని ఎవరికీ అప్పగించబోమని ఫ్రెంచి నౌకాదళాధిపతి డార్లాన్ మాటిచ్చాడు. ఆ మాటను చర్చిల్ నమ్మలేదు. అల్జీరియాలో ఒరాన్ పక్కన మెర్స్ ఎల్ కెబీర్ రేవులో డంకెర్క్, స్ట్రాస్‌బర్గ్ లాంటి పెద్ద నౌకలు లంగరు వేసి ఉన్నాయి. జులై 3 పొద్దున సోమర్‌విల్ హుడ్ నౌక మీద ఆ రేవు ముందుకు చేరాడు. ఫ్రెంచి అడ్మిరల్ జాన్సూల్ ముందు పెట్టాల్సిన దారులు ఇవి: మాతో కలిసి పోరాడండి, లేదా కొద్దిమంది నావికులతో బ్రిటిష్ రేవుకు రండి, లేదా వెస్టిండీస్‌లోని ఫ్రెంచి దీవులకు వెళ్ళి ఆయుధాలు దించేయండి, ఇవేవీ కుదరకపోతే ఆరు గంటల్లో మీ ఓడల్ని మీరే ముంచేసుకోండి. దేనికీ ఒప్పుకోకపోతే మేం కాలుస్తాం.

వారం కిందటిదాకా ఒకే పక్షాన పోరాడిన వాళ్ళు. సోమర్‌విల్, ఆయన కింది అధికారులు బయల్దేరక ముందే లండన్‌కు తమ అభ్యంతరం పంపారు: కాల్పులు వద్దు, ఏ రకంగానైనా తప్పించండి అని. కుదరదని జవాబొచ్చింది. ఇంతవరకు బ్రిటిష్ అడ్మిరల్‌కు ఎదురైన అత్యంత అప్రియమైన, కష్టమైన పనుల్లో ఒకటి నీకు అప్పగిస్తున్నామని చర్చిల్ సందేశం పంపాడు.

మాట్లాడడానికి సోమర్‌విల్ పంపిన మనిషి కెప్టెన్ హాలండ్. అంతకుముందు పారిస్‌లో బ్రిటిష్ నౌకాదళ ప్రతినిధిగా పనిచేశాడు, ఫ్రెంచి చక్కగా వచ్చు. ఇంతకంటే మంచి దూత దొరకడనుకుంటాం. కానీ అడ్మిరల్ స్థాయి మనిషి దగ్గరకు కెప్టెన్‌ని పంపుతారా అని జాన్సూల్‌కు కోపమొచ్చింది. చాలాసేపు కలవనే లేదు. పైగా తన పైవాళ్ళకు పంపిన కబురులో వెస్టిండీస్ దారి ఊసే ఎత్తలేదు. ముంచుకోండి లేదా కాలుస్తాం అన్నారని మాత్రమే చెప్పాడు. వందల ప్రాణాలు ఆధారపడ్డ మాటల మధ్య హోదా గొడవ ఎలా దూరిందో చూస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

సోమర్‌విల్ గడువు పెంచుతూ పోయాడు. మధ్యాహ్నం మూడు అన్నది సాయంత్రం ఐదున్నర అయింది. ఇంతలో ఫ్రెంచి సాయం బయల్దేరుతోందని, త్వరగా తేల్చమని లండన్ నుంచి తాఖీదు. ఆరు కావడానికి కొన్ని నిమిషాల ముందు ఫిరంగులు పేలాయి. పది నిమిషాల పాటు కాల్చారు. బ్రెటాన్య అనే యుద్ధనౌక పేలిపోయి దాదాపు వెయ్యిమందితో మునిగింది. ఆ రోజు, ఆ తర్వాతి దాడుల్లో కలిపి చనిపోయిన ఫ్రెంచి నావికులు 1,297 మంది. స్ట్రాస్‌బర్గ్ మాత్రం పొగలో తప్పించుకుని ఫ్రాన్స్‌లోని టూలాన్ రేవు చేరింది.

ఆధునిక కాలంలో ఇంతకంటే పెద్ద రాజకీయ తప్పిదం లేదని, మేమందరం సిగ్గుపడుతున్నామని సోమర్‌విల్ భార్యకు ఉత్తరం రాశాడు. అదే రోజుల్లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో కన్నింగ్‌హామ్ ముందు కూడా ఇదే సమస్య ఉంది. ఆయన ఓపిగ్గా బేరమాడి, ఒక్క తూటా పేలకుండా ఫ్రెంచి నౌకల్ని నిరాయుధం చేయించాడు. దీన్ని చూపించి సోమర్‌విల్ చేతగానివాడు అనడం న్యాయం కాదు. అలెగ్జాండ్రియాలో ఫ్రెంచి నౌకలు బ్రిటిష్ రేవులో, బ్రిటిష్ ఫిరంగుల మధ్య ఉన్నాయి. వాళ్ళకు బయటినుంచి సాయం వచ్చే దారి లేదు, కాబట్టి కన్నింగ్‌హామ్‌కు తొందరా లేదు. ఒరాన్ దగ్గర చీకటి పడితే జాన్సూల్ జారుకునేవాడు.

రెండేళ్ళ తర్వాత, 1942 నవంబర్ 27న, జర్మన్లు టూలాన్ మీదికి వచ్చినప్పుడు ఫ్రెంచి నావికులు తమ నౌకల్ని తామే ముంచేసుకున్నారు. స్ట్రాస్‌బర్గ్ కూడా అందులో ఉంది. డార్లాన్ ఇచ్చిన మాట నిలబడింది. 1940 జులైలో ఆ సంగతి ముందే తెలుసుకునే వీలు లండన్‌కు లేదు, నిజమే. కానీ అక్కడికక్కడ ఉన్న అధికారుల అంచనా, లండన్ అంచనా కంటే నిజానికి దగ్గరగా ఉందన్నది మాత్రం కాదనలేం.

వెంటాడలేదని విచారణ

1940 నవంబర్ 27న ఒక కాన్వాయ్‌కు (కలిసి ప్రయాణించే ఓడల గుంపుకు) కాపలాగా మధ్యధరా సముద్రంలో వెళ్తూ సార్డీనియా దక్షిణాన, స్పార్టివెంటో అగ్రం దగ్గర, ఇటలీ యుద్ధనౌకలకు ఎదురుపడ్డాడు. కాసేపు కాల్పులు జరిగాయి, ఇటలీ నౌకలు వెనుదిరిగాయి. కొంతదూరం తరిమి, వేగంలో వాటిని అందుకోలేమని, కాన్వాయ్‌ని ఒంటరిగా వదిలేయడం ప్రమాదమని చూసుకుని వెనక్కి తిరిగాడు. కాన్వాయ్ క్షేమంగా గమ్యం చేరింది. అప్పగించిన పని అదే.

ఆయన జిబ్రాల్టర్ తిరిగి రాకముందే, ఎందుకు వెంటాడలేదో తేల్చడానికి లండన్ విచారణ బోర్డు వేసింది! సీనియర్ అడ్మిరల్ లార్డ్ కార్క్ వచ్చి అంతా పరిశీలించి తప్పేమీ లేదని తేల్చాడు. నెల్సన్ కాలం నుంచీ శత్రువు కనిపిస్తే మీద పడాల్సిందేనని నమ్మిన సంస్థ అది. తిరిగి వచ్చిన అడ్మిరల్ సంజాయిషీ చెప్పుకోవాల్సిందే. ఇలాంటి వాతావరణంలో కూడా పదహారు నెలల తర్వాత సోమర్‌విల్ మళ్ళీ వెనక్కి తగ్గాడంటే, అది పిరికితనంతో వచ్చేది కాదు. మీద పడడమే ఆయనకు సులువైన దారి.

మధ్యలో గెలుపులూ ఉన్నాయి. 1941 ఫిబ్రవరి 9న జెనోవా రేవు మీద గుండ్లు కురిపించాడు. అందులో ఒకటి సాన్ లొరెంజో చర్చి గోడ చీల్చుకుని లోపల పడి పేలలేదు. ఇప్పటికీ ఆ చర్చిలోనే ఉంది. ఆ ఊళ్ళో చనిపోయిన మామూలు జనం మాత్రం వంద మందికి పైనే. మేలో జర్మన్ నౌక బిస్మార్క్‌ని వేటాడినప్పుడు ఆయన దగ్గరున్న ఆర్క్ రాయల్ నౌక విమానాలే టార్పెడోతో దాని చుక్కానిని దెబ్బతీశాయి. అంతకు కొన్ని గంటల ముందు అవే విమానాలు మబ్బుల్లో పొరబడి సొంత నౌక షెఫీల్డ్ మీద టార్పెడోలు వదిలాయి. అదృష్టం కొద్దీ ఒక్కటీ తగల్లేదు. అప్పటికే ఒకసారి సర్ బిరుదు వచ్చిన మనిషికి ఆ ఏడాది ఇంకో నైట్‌హుడ్ వచ్చింది. ఈ వయసులో రెండోసారి నైట్ అయ్యావా అంటూ కన్నింగ్‌హామ్ పంపిన కొంటె సందేశాన్ని బ్రిటిష్ నౌకాదళంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సిలోన్ ముందు ఆ వారం

1941 డిసెంబర్ 10న మలయా తీరంలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద నౌకల్ని జపాన్ విమానాలు ముంచేశాయి. పైన రక్షణ విమానాలు లేకుండా వెళ్ళిన అడ్మిరల్ ఫిలిప్స్ నౌకతో పాటే పోయాడు. ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చి చివర్లో సోమర్‌విల్ కొలంబో చేరి ఈస్టర్న్ ఫ్లీట్ పగ్గాలు పట్టాడు. విశాఖ కేంద్రంగా ఉన్న ఇప్పటి మన నౌకాదళ ఈస్టర్న్ ఫ్లీట్‌కూ దీనికీ సంబంధం లేదు. పేరొకటే.

ఐదు యుద్ధనౌకలు అంటే పెద్ద బలంగా వినిపిస్తుంది. వాటిలో వార్‌స్పైట్ ఒక్కటే ఆధునీకరించిన నౌక. మిగతా నాలుగూ మొదటి ప్రపంచ యుద్ధం నాటి రాయల్ సావరిన్ తరగతివి. నెమ్మదిగా నడుస్తాయి, ఎక్కువ దూరం పోలేవు. యూరప్ సముద్రాల కోసం కట్టినవి కాబట్టి ఉష్ణమండలపు ఎండలో మంచినీళ్ళు కూడా త్వరగా అయిపోయేవి. హిందూ మహాసముద్రాన్ని కాపాడాల్సిన నౌకలు నీళ్ళ కోసం రేవుకు తిరగాల్సి రావడం ఈ కథలో చిన్న విషయం కాదు. విమానాల సంగతి ఇంకా కష్టం. పియర్ల్ హార్బర్‌ని దెబ్బకొట్టిన అడ్మిరల్ నగుమో ఐదు విమానవాహక నౌకలతో, సుమారు మూడు వందల విమానాలతో వస్తున్నాడు. సోమర్‌విల్‌కి వందలోపే.

ఆయన దగ్గర ఒకే ఒక్క తురుపు ముక్క ఉంది: రాత్రి. ఆయన టార్పెడో విమానాల్లో రాడార్ ఉంది, పైలట్లకు చీకట్లో దాడి చేసే శిక్షణ ఉంది. 1940 నవంబర్‌లో ఇటలీలోని టరాంటో రేవు మీద రాత్రిపూట ఇలాంటి విమానాలే ఘనవిజయం సాధించాయి. జపాన్ నౌకలకు అప్పటికి రాడార్ లేదు. కాబట్టి పగలంతా శత్రువుకు అందకుండా తిరగాలి, రాత్రి దగ్గరకెళ్ళి కొట్టాలి. లెక్క సరైనదే. దానికి శత్రువు ఎక్కడున్నాడో మాత్రం కచ్చితంగా తెలియాలి.

ఏప్రిల్ 1 ప్రాంతంలో దాడి వస్తుందని రహస్య సమాచారం అందింది. మార్చి 31 నుంచి మూడు రాత్రులు సిలోన్ దక్షిణాన కాపు కాశాడు. ఎవరూ రాలేదు. పాత నౌకల్లో నీళ్ళు అయిపోవస్తున్నాయి. జపాన్ వాళ్ళు దాడి మానుకున్నారో, వాయిదా వేశారో అనుకుని ఆరు వందల మైళ్ళ దూరంలో, మాల్దీవుల దక్షిణ కొసన ఉన్న ఆడ్డూ అటోల్ అనే రహస్య స్థావరానికి బయల్దేరాడు. పోతూ పోతూ డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లను (మధ్యరకం యుద్ధనౌకలను) కొలంబోకి, హెర్మీస్ అనే చిన్న విమానవాహక నౌకను ట్రింకోమలీకి పంపేశాడు.

నా దృష్టిలో ఆయన అసలు తప్పు ఇదే. దాడి ఏ రేవుల మీద వస్తుందని భయపడ్డాడో ఆ రేవులకే, పైన సరైన విమాన రక్షణ లేకుండా, నౌకల్ని పంపాడు. సమాచారం అబద్ధమని తేలలేదు, తేదీ దాటిందంతే.

ఏప్రిల్ 4న ఆయన ఆడ్డూ చేరిన కొన్ని గంటలకే వైర్‌లెస్ మోగింది. కెనడా వైమానిక దళానికి చెందిన లియొనార్డ్ బర్చల్ అనే అధికారి కెటలీనా సముద్ర విమానంలో గస్తీ తిరుగుతూ జపాన్ నౌకల్ని చూశాడు. కబురు పంపుతుండగానే విమానాన్ని కూల్చేశారు, ఆయన బందీ అయ్యాడు. ఆ కబురుతో కొలంబో రేవులోని ఓడల్ని చాలావరకు ఖాళీ చేయించగలిగారు. కానీ సోమర్‌విల్ ఉన్నది ఆరు వందల మైళ్ళ అవతల, చమురు, నీళ్ళు నింపుకుంటూ.

మరునాడు ఈస్టర్ ఆదివారం. పొద్దున్నే కొలంబో మీద దాడి. ఫ్లీట్‌ని కలవడానికి దక్షిణంగా వస్తున్న రెండు క్రూయిజర్లు మధ్యాహ్నం జపాన్ విమానాల కంటబడ్డాయి. ఇరవై నిమిషాల్లోపే రెండూ మునిగాయి. వాటిలో డార్సెట్‌షైర్, బిస్మార్క్ మీద చివరి టార్పెడోలు వదిలిన నౌక. 424 మంది చనిపోయారు. మిగిలిన 1,122 మంది చమురు తెట్టు కట్టిన నీళ్ళలో, ఓడల శకలాల్ని పట్టుకుని, ఎండలో ఒక పూట, చీకట్లో ఒక రాత్రి, మళ్ళీ ఎండలో ఇంకో పగలు గడిపారు. ఏప్రిల్ 6 సాయంత్రం ఎంటర్‌ప్రైజ్ అనే క్రూయిజర్, రెండు డిస్ట్రాయర్లు వచ్చి వాళ్ళను పైకి లాగాయి. విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డ రోజున సోమర్‌విల్ ఒక పక్క శత్రువు కంట పడకుండా తిరుగుతూ, ఇంకో పక్క ఈ మనుషుల్ని వెతికిస్తున్నాడు.

మన తీరం మీదికి వచ్చింది నగుమో దళం కాదు. అడ్మిరల్ ఒజావా కింద ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక, కొన్ని క్రూయిజర్లతో బర్మాలోని మెర్గుయ్ రేవు నుంచి వచ్చిన వేరే దళం. బంగాళాఖాతంలో అది ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచింది. నగుమో సిలోన్ దగ్గర బ్రిటిష్ నౌకల్ని కట్టిపడేస్తే, ఇటు ఒజావాకి అడ్డమే లేకపోయింది. ఈ రెండు దళాల్ని కలిపి ఒకటిగా చెప్పుకోవడం వల్లే మన దగ్గర లెక్క తప్పుతోంది.

ఏప్రిల్ 5 సాయంత్రం సోమర్‌విల్ విమానాలకు నగుమో దళం కనిపించింది కూడా. రెండు దళాల మధ్య దూరం అప్పుడు సుమారు వంద మైళ్ళే. అందిన కబుర్లు తికమకగా ఉన్నాయి. దిశ మార్చి రాత్రంతా వెతికారు, దొరకలేదు. దొరికితే ఆయన కోరుకున్న రాత్రి పోరు జరిగేది. తెల్లారి నగుమో కంట పడి ఉంటే ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కథే నాలుగింతలై పునరావృతమయ్యేది. ఏప్రిల్ 9న ట్రింకోమలీ మీద దాడి జరిగింది. ముందే రేవు దాటించినా, పైన ఒక్క విమానం అండ లేకుండా తీరం పక్కన దొరికిపోయిన హెర్మీస్ మూడు వందలమందితో మునిగింది.

తర్వాత పాత యుద్ధనౌకలు తూర్పు ఆఫ్రికాలోని మొంబాసాకు వెళ్ళిపోయాయి. ఆ రోజుల్లోనే ఢిల్లీలో బ్రిటిష్ మంత్రి క్రిప్స్ మన నాయకులతో సంప్రదింపులు జరిపి విఫలమయ్యాడు. తీరాన్ని కాపాడలేనివాళ్ళ వాగ్దానాల్ని ఎవరు నమ్ముతారు?

అయినా ఆ ఫ్లీట్‌ని కాపాడుకోవడం సరైన పనే అంటాను. అది మునిగిపోయి ఉంటే పర్షియా చమురుకీ, ఈజిప్టులోని సైన్యానికీ, భారత్‌కీ వెళ్ళే ఓడలకు ఇక ఏ కాపలా మిగిలేది కాదు. జూన్ 4న పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే దీవి దగ్గర అమెరికన్లు ముంచిన నాలుగు జపాన్ వాహక నౌకల్లో మూడు సిలోన్ మీదికి వచ్చినవే. అప్పటిదాకా బతికి ఉండడమే ఆ రెండు నెలల్లో ఈస్టర్న్ ఫ్లీట్ చేయగలిగిన పని. దాని ఖరీదు మాత్రం బంగాళాఖాతంలో కాపలా లేకుండా తిరుగుతున్న సరుకు ఓడల నావికులు కట్టారు. వాళ్ళ పేర్లు ఈ చరిత్రల్లో పెద్దగా కనిపించవు.

తర్వాత

రెండేళ్ళకు అదే సముద్రంలో సోమర్‌విల్ ముందుకు కదిలాడు. 1944 ఏప్రిల్ 19న అమెరికా నౌక సారటోగాను కూడా తోడు తీసుకుని సుమత్రా కొసన ఉన్న సబాంగ్ మీద విమాన దాడి చేయించాడు. ఒకే ఒక్క విమానం పోయింది. దాని పైలట్‌ని కూడా టాక్టీషియన్ అనే జలాంతర్గామి శత్రు ఫిరంగుల ముందే నీళ్ళలోంచి ఎత్తుకొచ్చింది. జులైలో మళ్ళీ వెళ్ళి ఈసారి యుద్ధనౌకల ఫిరంగులతోనే కొట్టాడు. అప్పటికి ఆగ్నేయాసియా సర్వసేనానిగా వచ్చిన మౌంట్‌బాటన్‌తో మాత్రం పొసగలేదు. ఫ్లీట్ మొత్తం తన కిందే ఉండాలని మౌంట్‌బాటన్, తాను జవాబు చెప్పుకోవాల్సింది లండన్‌లోని అడ్మిరల్టీకేనని సోమర్‌విల్. ఆగస్టులో సోమర్‌విల్ కుర్చీలోకి బ్రూస్ ఫ్రేజర్ వచ్చాడు. సోమర్‌విల్‌ని వాషింగ్టన్‌లో నౌకాదళ ప్రతినిధి వర్గం అధిపతిగా పంపారు. 1945 మేలో అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్ హోదా ఇచ్చారు. 1949 మార్చి 19న సోమర్సెట్‌లోని సొంత ఇంట్లో చనిపోయాడు.

యుద్ధమంతా ఆయన భార్యకూ తోటి అధికారులకూ ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. ఆ కాగితాలు కేంబ్రిడ్జ్‌లోని చర్చిల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. యుద్ధం ఎటు తిరుగుతుందో తెలియని రోజుల్లోనే తన సందేహాల్ని, కోపాన్ని, సిగ్గుని దాచుకోకుండా రాసుకున్నవి అవి. ఆ ఏప్రిల్ గురించి ఎటువైపు వాదించదలచినవాళ్ళైనా ముందు చూడాల్సింది వాటినే.